పత్తిలో గులాబీ రంగు పురుగు: ఊరంతా కలిసి అదుపు చేయడం ఎలా?

గులాబీ రంగు పురుగు విషయంలో లెక్క ఎకరాల్లో కాదు, ఊళ్లలో వేయాలి. అమెరికా పత్తి రాష్ట్రాలు బీటీ విత్తనం (పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండేది), లింగాకర్షక ఎరలు (ఆడపురుగు వాసనతో మగ పురుగులను రప్పించేవి), వంధ్యం చేసిన రెక్కల పురుగుల విడుదల అన్నిటినీ ఏళ్ల తరబడి కలిపి నడిపాయి. అక్కడ పత్తి పొలాల్లో ఈ పురుగు లేకుండా పోయిందని 2018లో ప్రకటించారు. మన దగ్గర బోల్‌గార్డ్ 2 అనే బీటీ విత్తనాన్ని కూడా ఈ పురుగు తట్టుకుంటోంది.

అసలు పని పాత పంట ముగిసేటప్పుడే మొదలవుతుంది. చివరి తరం పురుగు గింజల్లో, రాలిన కాయల్లో, మోళ్లపై మిగిలిన ఎండు కాయల్లో నిద్రావస్థలో ఉండిపోతుంది. అందుకే డిసెంబరుకల్లా పంట తీసేయాలని ఊరు ఒక తేదీ పెట్టుకోవాలి. మరో తీత వస్తుందని నీళ్లు పెట్టి పొడిగించిన ఒక్క చేను చాలు, అందరి కష్టం వృథా కావడానికి. గొర్రెలు, మేకలను మేపి, మోళ్లను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి కలియదున్నాలి. పొయ్యిలోకని గట్టుపై గుట్ట వేయవద్దు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల దగ్గరా లింగాకర్షక ఎర ఉన్న బుట్టలు పెట్టించాలి. గింజలు నిల్వ ఉండేది అక్కడే.

విత్తడం కూడా వీలైనంత దగ్గర రోజుల్లో అందరూ పూర్తి చేయాలి. ముందు వేసిన చేనులో పూత ముందుగా వస్తుంది, పురుగూ అక్కడే పెరుగుతుంది.

విత్తిన 45 రోజులకు ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు, పైరు కంటే అడుగు ఎత్తున కట్టాలి. ఉదయమే లెక్కపెట్టి ఊరి ఫోన్ గ్రూపులో రాయాలి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగుల చొప్పున పడితే మందుకు సమయమైనట్టే.

బుట్టలను మాత్రమే నమ్మకండి. విచ్చుకోకుండా రేకులు మెలితిరిగి అతుక్కున్న పువ్వు కనిపిస్తే, అదే గుడ్డి పువ్వు. రేకులు విడదీస్తే లోపల పురుగు ఉంటుంది. 20 పచ్చికాయలు కోసి చూడండి, రెండింట్లో పురుగు ఉంటే పది శాతం దెబ్బతిన్నట్టు. అంతకు మించితే ఆగవద్దు.

పిచికారీ మూడు నాలుగు రోజుల్లో ఊరంతా ముగించాలి. మొదట వేపనూనె, ఆ తర్వాత వ్యవసాయాధికారి చెప్పిన మందు. సింథటిక్ పైరిత్రాయిడ్‌లను తొందరపడి కొడితే తెల్లదోమ విజృంభిస్తుంది. జతకట్టకుండా అడ్డుకునే ఎర తాళ్లు మాత్రం విస్తారమైన తావులోనే పనిచేస్తాయి. చిన్న ముక్కలో కడితే, బయట జతకట్టిన ఆడపురుగులు వచ్చి గుడ్లు పెడతాయి.

సమావేశానికి పట్టాదారులను పిలిచి ఊరుకుంటే లాభం లేదు. పట్నంలో ఉండే ఆసామి సంతకం పెడతాడు, కానీ మోళ్లు పీకాల్సింది కౌలు రైతు. కౌలు గడువు ముగిసిన ఆ నేలలో ట్రాక్టరు ఖర్చు ఎవరు భరిస్తారో విత్తే ముందే తేల్చుకోండి.