అప్‌డేట్ సరే, సపోర్ట్ ఎప్పటిదాకా?

మా ఇంట్లో మూడు కంప్యూటర్లున్నాయి, మూడింటినీ చూసుకునేది నేనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ అయిపోయిందని చెబితే నాన్న, "బాగానే నడుస్తోంది కదమ్మా, ఇప్పుడెందుకు మార్చడం?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. సపోర్ట్ అయిపోయినా కంప్యూటర్ నడుస్తుంది. కానీ ఆ తర్వాత బయటపడే లోపాలకు దానికి మామూలుగా మందు రాదు. పైగా కొత్త వెర్షన్‌కు వచ్చిన ప్యాచ్‌ను, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను, తిరగేసి చూసి, అదే లోపం పాతదాంట్లో ఎక్కడుందో పట్టుకునేవాళ్లుంటారు.

2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ అలాగే తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చి 14నే విడుదలైంది, దాడి మొదలైంది మే 12న. మధ్యలో రెండు నెలల సమయం ఉంది.

అందుకే ముందు మీ వెర్షన్ ఏదో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్. "విండోస్ 11 ఉందిగా" అనుకుని నేనూ చాలాకాలం ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే నాది అందులో 22హెచ్2 అనే పాత వెర్షన్. హోమ్, ప్రో ఎడిషన్లలో దాని సపోర్ట్ 2024 అక్టోబర్ 8తోనే పోయింది. 23హెచ్2ది 2025 నవంబర్ 11తో ముగిసింది. ఈ ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే గడువు. మీ వెర్షన్ గడువు మైక్రోసాఫ్ట్ సైట్‌లో చూసి, దానికి రెండు నెలల ముందు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

వెర్షన్ మార్చే ముందు బ్యాకప్. ఫొటోలు, ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి ఊరుకోకండి, అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ఇంకొకటి, బిట్‌లాకర్ రికవరీ కీ. డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, అది తెరుచుకోనప్పుడు వాడేది ఈ కీ. ఒకసారి బయాస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశాక నా ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగింది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికేదాకా టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడు ప్రతి కంప్యూటర్ కీనీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.

తర్వాత చార్జర్ పెట్టి, డిస్క్‌లో ఖాళీ ఉందో లేదో చూసి, అప్‌డేట్ మొదలుపెట్టండి. కొత్త వెర్షన్ నచ్చకపోతే మామూలుగా 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీలోకి వెళ్లి పాత వెర్షన్‌కు వెనక్కి రావచ్చు. నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. నేను ఆ వారాంతంలో వేస్తాను. డౌన్‌లోడ్ అయింది కదా అని వదిలేయకండి, రీస్టార్ట్ చేస్తేనే పని పూర్తయినట్టు. ఆప్షనల్ డ్రైవర్ల జోలికి మాత్రం అవసరం లేకుండా వెళ్లను.

విండోస్ 11 ఎక్కదంటోందా? వెంటనే కంప్యూటర్ మార్చేయకండి. కొన్నింటిలో విండోస్ 11 అడిగే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండి కూడా బయాస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎమ్‌డీ అయితే ఎఫ్‌టీపీఎమ్ అనే పేరుతో వెతకండి. అది ఆన్ చేస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది.

నాన్న ల్యాప్‌టాప్‌కు ఆ దారి లేదు. అందులోది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్, విండోస్ 11కు మామూలుగా కనీసం ఎనిమిదో తరం కావాలి. తనిఖీని తప్పించి ఎక్కించే చిట్కాలు చాలామంది చెబుతారు. అలా ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే ఇంత పని చేస్తూ ఆ దారి పట్టడం నాకు నచ్చలేదు.

అందుకే విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ 22ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాన్నుంచి నడిపి చూశాను. వైఫై, ప్రింటర్, సౌండ్, తెలుగు టైపింగ్ ఒక్కొక్కటే పరీక్షించాను. అన్నీ పనిచేశాకే ఇన్‌స్టాల్ చేశాను. దానికి 2029 దాకా సపోర్ట్ ఉంది. మీకు విండోస్‌లోనే నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటిది ఉంటే ఇది కుదరకపోవచ్చు. నాన్నకు బ్రౌజర్, ఉత్తరాలు రాసుకునే ఎడిటర్ ఉంటే చాలు. మొదటి వారం ఫైళ్లు ఎక్కడున్నాయని రోజుకు నాలుగుసార్లు పిలిచారు. ఇప్పుడు కింద మూలనున్న డాలు గుర్తు మీద చుక్క కనబడగానే తనే నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి అప్‌డేట్ చేసుకుంటున్నారు.