కొత్త ఐసు మీద చేపలకు వెళ్లేముందు
బెంగళూరు నుంచి డిసెంబరులో అమెరికాలోని మినెసోటాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మనవాళ్లకు గడ్డకట్టిన సరస్సు సిమెంటు రోడ్డంత గట్టిగా కనిపిస్తుంది. కంటిని నమ్మకండి, కొలవండి.

గాజులా తేటగా ఉన్న ఐసు కనీసం 4 అంగుళాలుంటేనే నడవాలి. తెల్లటిదానికి బలం సగమే, 8 కావాలి. ఒడ్డున ఒక్కసారి కొలిస్తే సరిపోదు. గునపంతో ముందు పొడుస్తూ కదలాలి. నీళ్లు ఉబికాయా, వచ్చిన దారినే వెనక్కి. వాగు కలిసేచోట, రెల్లు పక్కన పలచన. పైన కురిసిన మంచు కూడా దుప్పటిలా చలిని ఆపి కింద ఐసును పెరగనివ్వదు.

లైఫ్ జాకెట్ తప్పనిసరి. మేకు మొనలున్న రెండు పిడులు మెడలో వేలాడాలి, సంచిలో కాదు.

ఐసు విరిగి నీళ్లలో పడితే ముందు ఊపిరిని అదుపులోకి తెచ్చుకోండి, దానికో నిమిషం పడుతుంది. చేతులు పనిచేసేది సుమారు 10 నిమిషాలే. నడిచొచ్చిన వైపు తిరిగి, మేకులు గుచ్చి, ఈదినట్టు కాళ్లు తన్నుతూ పైకి పాకండి. లేచి నిలబడొద్దు, దొర్లుతూనే ఒడ్డు చేరండి.