ఇంగ్లీషు వాక్యం కుదరడం లేదా? ముందు క్రియ కింద గీత గీయండి

ఏళ్ల తరబడి పిల్లల ఇంగ్లీషు నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. వాక్యం తప్పనగానే అందరూ స్పెల్లింగు చూస్తారు, తర్వాత టెన్సు చూస్తారు. అసలు క్రియ ఉందా, దాని కర్త ఏది అన్నది మాత్రం చూడరు. దయచేసి ముందు క్రియ కింద గీత గీయండి. ‘ఎవరు, ఏది’ అని దాన్ని అడిగి కర్తను చుట్టండి.

సమస్య: ‘మై ఫాదర్ ఫార్మర్’
గీత గీయడానికి క్రియే లేదు. ‘మా నాన్న రైతు’ తెలుగులో నిండు వాక్యం. ఇంగ్లీషుకు అది చాలదు. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అని రాయాలి.

సమస్య: ‘కేమ్ యెస్టర్‌డే’, ‘ఈజ్ రెయినింగ్’
వచ్చాను, వచ్చావు, వచ్చింది: మన క్రియ చివరే కర్త తెలిసిపోతుంది. ‘కేమ్’ అలా చెప్పదు. ‘ఐ’ అనో ‘షీ’ అనో విడిగా రాయాల్సిందే. వానకైతే ‘ఇట్’ పెట్టండి.

సమస్య: కర్తా ఉంది, క్రియా ఉంది, అయినా తప్పే
‘ద బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఆర్ హెవీ.’ నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. క్రియకు ముందున్న నామవాచకమే కర్త అని ఒక ఏడాది తరగతిలో చెప్పాను. చిన్న వాక్యాల్లో సరిపోయింది. పరీక్షలో పొడుగు వాక్యాలు వచ్చేసరికి, నా మాట నమ్మిన పిల్లలే మార్కులు పోగొట్టుకున్నారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కారణం మన భాష అలవాటులోనే ఉంది. ‘మామిడిపళ్ల బుట్ట బరువుగా ఉంది’ అంటాం. వివరం ముందు, అసలు మాట చివర. ఇంగ్లీషులో బుట్ట ముందుకు పోతుంది, మామిడిపళ్లు క్రియ పక్కకు చేరతాయి. మన చెవి వాటినే కర్త అనుకుంటుంది. ‘మా తమ్ముడితో వచ్చిన కుర్రాళ్లు’ కూడా అంతే: ‘ద బాయ్స్ హూ కేమ్ విత్ మై బ్రదర్’. తర్వాత ‘ఆర్’ రావాలి, కానీ ‘బ్రదర్’ వినబడి ‘ఈజ్’ రాసేస్తారు.

పరిష్కారం: కర్త భాగాన్ని తెలుగులో చెప్పుకోండి. చివర వచ్చిన మాటను బట్టే క్రియ. ‘మామిడిపళ్ల బుట్ట’: బుట్ట ఒక్కటే, కాబట్టి ‘ఈజ్’. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ అంటే ‘నా స్నేహితుల్లో ఒకడు’, కాబట్టి ‘ఈజ్’. ‘ఆఫ్’ నుంచి క్రియ దాకా వేలితో మూసి చదవమని కొందరు చెబుతారు. ‘ఎ లాట్ ఆఫ్ మ్యాంగోస్’ దగ్గర ఆ చిట్కా బోల్తా పడుతుంది. తెలుగులో ‘చాలా మామిడిపళ్లు’ అనుకోండి, ‘ఆర్’ దానంతట అదే వస్తుంది.

అరుదైనవి
‘ఐ రైస్ ఈట్’ అని కర్మను క్రియకు ముందు పెట్టేవారు తక్కువ. నాలుగు రోజుల్లో పోతుంది. ‘కమ్ హియర్’లో కర్త కనబడకపోతే కంగారు పడకండి, ఆజ్ఞలో ‘యూ’ దాగి ఉంటుంది.