ఎండాకాలంలో బయాప్సీ ముక్క పంపేవాళ్ళకు: సీసాలో ఏముందో చూసి వేయండి

పోయిన సోమవారం పొద్దున ల్యాబ్ తలుపు తీసేసరికి బయట బెంచీ మీద ఒకబ్బాయి కూచోనుండాడు. చేతిలో క్యారీబ్యాగు, దాంట్లో యూరిన్ డబ్బా, డబ్బాలో వాళ్ళ నాయన లివర్ నుంచి బయాప్సీకి, అంటే మైక్రోస్కోప్ కింద పరీక్షకు, తీసిన ముక్క. శనివారం మధ్యాహ్నం ఒక నర్సింగ్ హోంలో తీసినారంట, ఊరి పేరెందుకులే, బస్సెక్కి తిరుపతికి వచ్చేసరికి రాత్రయింది, ఆదివారం ల్యాబ్ లేదని చుట్టాలింట్లో టీవీ పక్కన పెట్టుకున్నాడంట. మూత తీసి చూస్తే నీళ్ళు లేత గులాబీ రంగులోకి తిరిగినాయి, ఫోర్సెప్స్ తగిలించగానే ముక్క నానిన సేమ్యా మాదిరి తెగిపోయింది. ముక్క చెడిపోకుండా నిలబెట్టే మందునీళ్ళు ఫార్మాలిన్, దాంట్లో ఉండిన లివర్ ముక్క అట్ల ఉండదు, మట్టిరంగుకు తిరిగి గట్టిగా పుల్ల మాదిరి నిలబడతాది. అర్థమైపోయింది, సెలైన్‌లో, అంటే ఉప్పునీళ్ళలో, వేసినారు.

అయినా ప్రాసెస్ చేసినాం. మా మేడం మైక్రోస్కోప్ కింద చూసి అయిదు నిమిషాలు ఏం మాట్లాడలా. న్యూక్లియస్‌లు మాసిపోయినాయి, కణాలు ఒకదాన్నుంచి ఒకటి ఊడిపోయినాయి, వాపుందా, మచ్చకట్టిందా, ఏమీ చెప్పేదానికి లేదు. మళ్ళీ తీయించమందామంటే ఆ పెద్దాయనకు ఈలోపు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయినాయంట, ఇప్పుడు సూది పెట్టేదానికి డాక్టర్లు ఒప్పుకోవడంలా.

ఎండలు ముదురుతా ఉండాయి కాబట్టి ఇది రాస్తా ఉండా. చేతులు కడుక్కోండి, గ్లవుజులు వేసుకోండి అని నేను చెప్పను, అది మీకు తెలుసు. నేను ఈ హిస్టో ల్యాబ్‌లో, అంటే ముక్కల్ని మైక్రోస్కోప్ పరీక్షకు సిద్ధం చేసే ల్యాబ్‌లో, పద్దెనిమిదేళ్ళుగా ముక్కలు కోస్తా ఉండా, మనుషుల్ని ముంచేసిన తప్పు ఒక్కటే చూసినా: సీసాలో ఏముందో చూడకుండా ముక్క వేయడం. ఫార్మాలిన్, సెలైన్, స్పిరిట్, డిస్టిల్డ్ వాటర్, నాలుగూ చూసేదానికి నీళ్ళే.

లివర్ ముక్క

ఒంట్లోంచి బయటికొచ్చిన నిమిషం నుంచి ముక్క తనను తానే అరిగించుకుంటాది. లివర్‌లో ఎంజైములు ఎక్కువ కాబట్టి ఇంకా తొందరగా, ఎండాకాలం ఇంకా తొందరగా. సెలైన్ ముక్కను ఎండిపోకుండా చూస్తాది అంతే, కుళ్ళకుండా ఆపదు. ఆపేది ఫార్మాలిన్, అది ప్రోటీన్లను ఎక్కడివక్కడ కట్టేస్తాది. 1893లో ఫెర్డినాండ్ బ్లమ్ అనే జర్మన్ డాక్టరు క్రిములు చంపేదానికి ఫార్మాలిన్ పనికొస్తాదా అని చూస్తా ఉంటే ఆయన వేళ్ళ చర్మమే గట్టిపడిందంట, అట్ల బయటపడిన పద్ధతే ఇది, ఈరోజుకీ ఇంకోటి దాని చోటుకు రాలేదు.

కావాల్సింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్. షాపులో వచ్చే గాఢమైనది 100 ఎం.ఎల్., నీళ్ళు 900 ఎం.ఎల్., రెండు రకాల సోడియం ఫాస్ఫేట్, మోనోబేసిక్ 4 గ్రాములు, డైబేసిక్ 6.5 గ్రాములు. ఫాస్ఫేట్ ఎందుకులే అని మానేస్తారు కొందరు, మానేస్తే ఫార్మాలిన్ పులిసి రక్తం ఉండే చోటంతా నల్లటి పొడి మాదిరి పిగ్మెంట్ పడతాది, దాన్ని చూసి మలేరియా పిగ్మెంటా ఇంకోటా అని మేం తల పట్టుకోవాల. ముక్క ఎంతుందో దానికి 20 రెట్లు పోయండి, పదిరెట్లకు తగ్గితే ఒప్పుకోం. మూత దగ్గర తడి చేసి పంపడం కాదు, ముక్క మునగాల.

ముక్క పొడుగు కూడా చూసుకోండి. ఒకటిన్నర సెంటీమీటర్ కన్నా తక్కువుంటే మాకు కష్టం, మంచి రిపోర్ట్ చెప్పాలంటే పది పదకొండు పోర్టల్ ట్రాక్టులన్నా, అంటే లివర్‌లో రక్తనాళాలు, పిత్తనాళం కలిసి పోయే చోట్లన్నా, కనపడాల. మొత్తం లివర్‌లో యాభై వేలో వంతు చూసి తీర్పు చెప్తాం మేము, ఆ కాస్తా నానబెట్టి పంపితే ఇంకేం చెప్తాం? తీసిన ముక్కను పొడి గాజుగుడ్డ మీద పెట్టొద్దు, దారాలకు అతుక్కుని చిరుగుతాది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు అనుమానం ఉండి రాగి కొలవాలంటే అది వేరే ముక్క, వేరే డబ్బా, ముందే ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగండి.

చర్మం ముక్క

ఇక్కడే తమాషా. ఇంతసేపు సెలైన్‌లో వేయొద్దు అని మొత్తుకున్నా కదా, బొబ్బల జబ్బుల్లో తీసే రెండో ముక్కకు మాట తిరగబడతాది. పెంఫిగస్, పెంఫిగాయిడ్ అనే బొబ్బల జబ్బుల అనుమానం ఉంటే రెండు ముక్కలు తీస్తారు. ఒకటి కొత్త బొబ్బ అంచు నుంచి, అది ఫార్మాలిన్‌లోకి. ఇంకోటి బొబ్బ పక్కన బాగుండే చర్మం నుంచి, ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు, అంటే చర్మంలో చేరిన యాంటీబాడీలను మెరిపించి చూసే పరీక్షకు, అది మిచెల్ మీడియం అనే ద్రావణంలోకి, లేకపోతే సెలైన్‌లో వేసి అదే రోజు, మహా అయితే 24 గంటల్లో మా చేతికి రావాల. దీనికి ఫార్మాలిన్ చుక్క తగిలినా పోయినట్టే, పచ్చగా మెరవాల్సింది మెరవదు. చేప వల మాదిరి ఐ.జి.జి. అనే యాంటీబాడీ కనపడితే పెంఫిగస్, అడుగున గీత గీసినట్టుంటే పెంఫిగాయిడ్, అది చూసే కదా మందు రాసేది.

రెండు సీసాలు ఒకే ట్రేలో పెట్టి, మూతల మీద లేబుల్ అంటించి, మూతలు మారిపోయి, రెండు ముక్కలూ నాశనమైన కేసు నా చేతుల మీదుగానే పోయింది. ఆ పేషెంటమ్మ మళ్ళీ రెండు పంచ్‌లు, అంటే చర్మాన్ని గుండ్రంగా కోసే పరికరం పోట్లు, పొడిపించుకునింది. సీసాలో ఏముందో చూడండి.

తెల్లమచ్చకు, కుష్టు అనుమానానికి అంచు నుంచి తీయించండి, లోతుగా, 4 మి.మీ. పంచ్ పూర్తిగా దించి. నరం దొరికితేనే మాకు దారి. పైపైన గీకినట్టు తీస్తే కుష్టు క్రిములు కనపడేదానికి వేసే ఫైట్ ఫారాకో స్టెయిన్ (రంగు) వేసినా దండగే. ఫోర్సెప్స్‌తో నొక్కి పట్టొద్దు, సూదిమొనతో లేపండి, నొక్కితే కణాలన్నీ చీరిన దారాల మాదిరి అయిపోతాయి.

పేషెంట్లకు, ఇంట్లోవాళ్ళకు ఒక మాట. మెడికల్ షాపులో తెచ్చుకుని రాసుకున్న ట్యూబు ఏదైనా సరే, దాన్ని చూపించండి, దాచొద్దు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటాది, అది రాసినాక తామర కూడా తామర మాదిరి కనపడదు.

ఇంక వరసగా చెప్పేస్తా, సెక్షన్లు విడగొట్టే ఓపిక లేదు.

లేబుల్ సీసా ఒంటికి, మూతకు కాదు.

పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ కూడా లోపల వేయండి, పెన్ను ఇంకు మా ఆల్కహాల్‌లో కరిగిపోతాది.

ఫార్మాలిన్ ఉందో లేదో వాసన చూసి తేల్చుకోవద్దు. క్యాన్సర్ తెచ్చే పదార్థం అది, కళ్ళు మండుతాయి. లేబుల్ చదవండి. లేబుల్ లేదా, పారబోయండి, కొత్తది పోయండి.

తాగే నీళ్ళ బాటిల్లో ఫార్మాలిన్ పోయొద్దు. పోసినారంటే ఎవరో ఒకరు తాగతారు.

డీప్ ఫ్రీజర్లో పెట్టొద్దు, ముక్కలో నీళ్ళు గడ్డకట్టి కణాలకు చిల్లులు పడతాయి. ఎండ ఎక్కువుంది కదా అని ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చినాడు ఒకాయన, రక్తం శాంపిల్ అనుకున్నాడు పాపం.

సన్నమూతి సీసా వద్దు. మెత్తగా ఉన్నప్పుడు దూరతాది, గట్టిపడినాక బయటికి రాదు.

ఫారంలో "లివర్, ప్లీజ్ రిపోర్ట్" అని రాసి పంపొద్దు. వయసు, ఎన్నాళ్ళ నుంచి, తాగతాడా, ఏం మందులు, బిలిరుబిన్ ఎంత, అన్నీ రాయండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనీయని మందులు వేసుకుంటా ఉంటే లివర్ బయాప్సీకి ముందే డాక్టర్‌కు చెప్పండి. మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ వేసినవాళ్ళు అసలే ఆపొద్దు.

బయాప్సీ అయినాక నొప్పి భుజంలోకి పాకినా, కళ్ళు తిరిగినా వెంటనే చెప్పండి. గ్యాసు అనుకుని పడుకోవద్దు.

చిత్తూరు వాళ్ళు సెకండ్ ఒపీనియన్ కోసం వెల్లూరుకు పోతా ఉంటారు కదా, స్లైడ్లే కాదు, బ్లాకు, అంటే మీ ముక్కను పెట్టి పోసిన మైనం దిమ్మ, కూడా అడిగి తీసుకోండి. ఆ బ్లాకు పారాఫిన్ మైనం, 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరిగిపోతాది. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు అంత వేడెక్కుతాది. డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, బైకు ట్యాంకు కవర్లో పెట్టొద్దు.

తప్పు సీసాలో వేసినారని తెలిసిందా, దాచొద్దు. మామూలు ముక్క సెలైన్‌లో పడుంటే ఆ నిమిషమే ఫార్మాలిన్‌లోకి మార్చి, ఎన్ని గంటలు ఉండిందో ఫారంలో రాయండి. ఇమ్యునోఫ్లోరెసెన్స్ ముక్క ఫార్మాలిన్‌లో పడితే కడిగి పంపొద్దు, పేషెంట్ టేబుల్ దిగకముందే ఇంకోటి తీయమని డాక్టర్‌ను అడగండి. తిట్లు పడితే పడనీండి.

శనివారం తీసే ముక్కయితే శుక్రవారమే ల్యాబ్‌కు ఫోన్ చేసి ఫార్మాలిన్ సీసా తెప్పించుకోండి. ఊరికే ఇస్తాం. ఆ అబ్బాయి అదే అడిగినాడు, "సీసా మీరే ఇస్తారని మాకెవరూ చెప్పలేదన్నా" అని.