హెడ్‌ఫోన్ యాంప్ పాఠాలు – 4: పవర్ సరిపోతుందా?

పోయిన పాఠం అభ్యాసం కొందరి టేబుల్ మీద పొగ లేపింది. యాంప్‌కు హెడ్‌ఫోన్ బదులు 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి, టోన్ (ఒకే తీరుగా సాగే మోత) మోగించి వోల్టేజ్ కొలవమన్నాను, ఎన్ని వాట్లదో రాయలేదు. తప్పు నాదే. దుకాణంలో ఉత్తగా "33 ఓమ్" అని అడిగితే చేతిలో పెట్టేది పావు వాట్‌ది. 32 ఓమ్‌ల మీద 1 వాట్ ఇచ్చే యాంప్ 5.66 వోల్టులు తోస్తుంది. 33 ఓమ్‌ల మీద అది 0.97 వాట్, అంటే ఆ రెసిస్టర్ మోయగలిగినదానికి దాదాపు నాలుగింతలు. ముందు రంగు గీతలు నల్లబడతాయి, తర్వాత వాసన, ఆపైన విలువే మారిపోతుంది. మాడిన రెసిస్టర్‌తో తీసిన కొలతలన్నీ కొట్టేయండి.

ఈసారి 330 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్లు పదకొండు కొనండి. పదింటిని పక్కపక్కన పేర్చి, అటు కాళ్లన్నీ ఒకటిగా, ఇటు కాళ్లన్నీ ఒకటిగా సోల్డర్ చేస్తే 33 ఓమ్‌లు, 2.5 వాట్లు. పదకొండోది విడిగా ఉంచితే 330 ఓమ్‌ల లోడ్ (హెడ్‌ఫోన్ బదులు తగిలించేది) అదే. హనుమకొండ దాకా వెళ్లి స్పేర్ పార్ట్స్ తెచ్చుకునేవాళ్లు 5 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ అడిగినా పనవుతుంది. నాకు మాత్రం పదింటి కట్టే ఇష్టం, వేడి పంచుకుంటుంది.

రెండో తిప్పలు మీటర్‌తో. చవక పసుపు మీటర్‌లో ఏసీకి 200, 750 రెండే రేంజులు ఉంటాయి. 200 రేంజ్‌లో 0.1 వోల్ట్ కంటే చిన్న తేడా కనపడదు, కాబట్టి ఒకసారి 0.9, ఒకసారి 1.0 రావడంలో వింత లేదు. ఏసీలో 2 లేదా 20 వోల్టుల రేంజ్ ఉన్న మీటర్ కావాలి. టోన్ 50 హెర్ట్జ్‌దే పెట్టండి. ఇలాంటి మీటర్లు ఇంటి కరెంటు కొలవడానికి చేసినవి, 1000 హెర్ట్జ్ దగ్గర వాటి మాట నమ్మలేం. సున్నా వచ్చిందన్నవాళ్లు డీసీ మీద పెట్టి ఉంటారు. ఎన్‌ఐటీలో ఈసీఈ చదివేవాళ్లకు ల్యాబ్‌లో స్కోప్ (అలలను తెర మీద చూపే ఆసిలోస్కోప్) ఉంటుంది, వాళ్లకు ఈ తిప్పలేవీ లేవు.

ఇక అసలు లెక్క. సెన్సిటివిటీ (ఇంత ఇస్తే హెడ్‌ఫోన్ ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్న అంకె) మిల్లీవాట్‌కా, వోల్ట్‌కా అన్నది రెండో పాఠంలోనే అయిపోయింది, మళ్లీ చెప్పను. మన గురి 110 డెసిబెల్స్. అది వినే మట్టం కాదు, పాటలో డోలు దెబ్బ పడిన క్షణానికి కావాల్సిన జాగా.

సెన్‌హైజర్ హెచ్‌డీ 650: 300 ఓమ్‌లు, 1 వోల్ట్‌కు 103 డెసిబెల్స్. ఇంకో 7 డెసిబెల్స్‌కు 2.24 వోల్టులు కావాలి. కరెంట్ 7.5 మిల్లీయాంపులు, పవర్ 17 మిల్లీవాట్లు, అంతే. బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓమ్‌ల రకం మిల్లీవాట్‌కు 96. దానికి 25 మిల్లీవాట్లు, 3.9 వోల్టులు. ఓమ్‌లు చూసి "అమ్మో" అనేది వీటినే. నిజంగా మొండిది హైఫైమ్యాన్ హెచ్‌ఈ6ఎస్‌ఈ. ఓమ్‌లు 50 మాత్రమే, కానీ మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్. లోటు 26.5 డెసిబెల్స్, అంటే 447 రెట్లు, అంటే 447 మిల్లీవాట్లు. 50 ఓమ్‌ల మీద అది 4.73 వోల్టులు, 95 మిల్లీయాంపులు. హెచ్‌డీ 650 కంటే వోల్టేజ్ రెండింతలే ఎక్కువ, కరెంట్ మాత్రం పన్నెండింతలు పైనే.

డబ్బా మీద 1000 మిల్లీవాట్లు అని పెద్దక్షరాల్లో, 32 ఓమ్‌లు అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అంటే 5.66 వోల్టులు, 177 మిల్లీయాంపులు. 300 ఓమ్‌ల మీద అదే యాంప్ ఇచ్చేది 107 మిల్లీవాట్లే, అయినా హెచ్‌డీ 650కి కావాల్సినదానికి ఆరింతలు. హెచ్‌ఈ6ఎస్‌ఈకి మాత్రం 1.6 డెసిబెల్స్ మాత్రమే మిగులుతుంది. పాసే, అత్తెసరు మార్కులతో. గురిని 115కు పెంచితే 8.4 వోల్టులు కావాలి, అక్కడ ఫెయిల్.

మరి 1 వోల్ట్ ఇచ్చే ఫోన్ డాంగిల్ (ఫోన్‌కు గుచ్చి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న అడాప్టర్)? హెచ్‌ఈ6ఎస్‌ఈ మీద 96.5 డెసిబెల్స్ వస్తుంది. గట్టిగా నొక్కి (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించి) మాస్టర్ చేసిన సినిమా పాటలో సగటు మట్టం శిఖరానికి 8 డెసిబెల్స్ కిందే ఉంటే, 88 దగ్గర వింటున్నట్టు, చెవికి చాలు. ఐనవోలు జాతరలో రికార్డు చేసి, నొక్కకుండా వదిలిన ఒగ్గుడోలు తీసుకోండి. కథకుడి మాట డోలు దెబ్బకు 25 డెసిబెల్స్ కింద ఉంటే అది 71 దగ్గర పడుతుంది. మాట వినపడాలని పెంచబోతే డాంగిల్ దగ్గర ఇంకేం మిగల్లేదు. ఒకే హెడ్‌ఫోన్, ఒకే డాంగిల్: ఒకరు "సరిపోయింది" అంటారు, ఒకరు "చచ్చిపోయింది" అంటారు. ఇద్దరిదీ నిజమే.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే మాట: "వాల్యూమ్ నాబ్ తొమ్మిది గంటల దగ్గరే చెవులు పగిలిపోతున్నాయి, పవర్ మస్తుగా ఉంది." నాబ్ పవర్ చూపించదు. అది లోపలికొచ్చే సిగ్నల్‌ను ఎంత కోయాలో చెప్పే కుళాయి. డ్యాక్ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చి యాంప్‌కు ఇచ్చేది) 2 వోల్టులు, యాంప్ గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) 4 అనుకోండి. నాబ్ నడిమధ్యలో లాగ్ పాట్ (నాబ్ వెనక సిగ్నల్‌ను కోసే భాగం) సుమారు 20 డెసిబెల్స్ కోస్తుంది, కాబట్టి బయటికి 0.8 వోల్ట్. గెయిన్ 1కి మార్చితే అదే చోట 0.2 వోల్ట్. పవర్ మారిందా? లేదు. గెయిన్ 4లో నాబ్ చివరిదాకా తిప్పితే 8 వోల్టులు రావాలి, కానీ యాంప్ 5.66 దగ్గరే ఆగుతుంది. అంటే చివరి 3 డెసిబెల్స్ తిప్పడంలో వచ్చేది పవర్ కాదు, అలల తలలు నరకడం. గెయిన్ 1లో నాబ్ చివర 2 వోల్టులే వస్తాయి. అది చూసి "పవర్ లేదు" అని యాంప్ అమ్మేసుకునేవాళ్లూ ఉన్నారు, అక్కడ తక్కువైంది గెయిన్. నాకడిగితే లో గెయిన్‌తో మొదలుపెట్టి, నాబ్ చివర కూడా చాలకపోతేనే హైకి వెళ్తాను.

అభ్యాసం. ఒక సాయంత్రం పడుతుంది. హెడ్‌ఫోన్ పీకి పక్కన పెట్టండి. 33 ఓమ్‌ల కట్ట తగిలించి, గెయిన్ హై, నాబ్ చివరికి. ప్లేయర్‌లో డెసిబెల్స్‌తో తగ్గించే వీలుండాలి, శాతాల స్లైడర్ పనికిరాదు. 50 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ, −20 నుంచి ఒక్కో డెసిబెల్ పెంచుతూ వోల్టేజ్ రాయండి. ప్రతి మెట్టుకు 12 శాతం పెరగాలి. పెరుగుదల 12 కంటే తగ్గిన మొదటి మెట్టుకు ముందున్న అంకే మీ యాంప్ హద్దు. ప్రతి ఐదు మెట్లకు లోడ్ పీకి చల్లారనివ్వండి. తర్వాత 330 ఓమ్‌లతో మొత్తం మళ్లీ. రెండు హద్దులూ దాదాపు ఒకటే అయితే మీ యాంప్‌ను ఆపుతున్నది వోల్టేజ్. 33 మీద బాగా తగ్గితే కరెంట్. ఆ అంకెలను మీ హెడ్‌ఫోన్‌కు కావాల్సిన వోల్టులు, మిల్లీయాంపుల పక్కన రాసుకోండి.

4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో కొలిచేవాళ్లు జర ఆగండి: అక్కడ నెగటివ్ వైరు గ్రౌండ్ కాదు. రెండు ఛానెళ్ల నెగటివ్‌లు కలిపితే యాంప్ షార్ట్ అయినట్టే. స్కోప్ గ్రౌండ్ క్లిప్ కూడా అక్కడ పెట్టొద్దు.