జీపు ఇంజిన్‌కి చల్లగాలి అందించిన పద్ధతి

1.3 లీటర్ పెట్రోల్ జీపు. ఘాట్ రోడ్డులో ఫస్ట్ గేర్‌లో పది నిమిషాలు ఎక్కేసరికి లాగుడు తగ్గేది, టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలుగానే ఉండేది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వైరున్న డిజిటల్ థర్మామీటర్ మొన దింపితే సంగతి తేలింది: బయట 38 డిగ్రీలు, డబ్బాలో 68. దాదాపు ప్రతి 3 డిగ్రీలకీ గాలి 1 శాతం పలచబడుతుంది. అంటే ఇంజిన్‌కి సుమారు 9 శాతం గాలి తక్కువ.

డబ్బా మూతి రేడియేటర్ వెనకే ఉంది. దానికి 63 మిల్లీమీటర్ల గొట్టం క్లిప్పుతో బిగించి, హెడ్‌లైట్ వెనక నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) పైభాగానికి తీశాను. గొట్టంలో తీగచుట్టు ఉండాల్సిందే. లేకపోతే వేడికి మెత్తబడి, ఇంజిన్ పీల్చినప్పుడు నొక్కుకుపోతుంది. గొట్టం మూతి చక్రం వైపు తిప్పొద్దు, నీళ్లు చిమ్ముతాయి. సిలిండర్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) వంగుతుంది, కాబట్టి ఎత్తు విషయంలో రాజీ పడొద్దు.

తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ (ఇంజిన్ నుంచి వేడి పొగని బయటికి తీసుకెళ్లే గొట్టాలు) డబ్బాకీ మధ్య 1 మిల్లీమీటర్ అల్యూమినియం రేకు, రెండు వైపులా 10 మిల్లీమీటర్ల ఖాళీతో. రేకు డబ్బాకి ఆనితే వేడిని మోసుకొచ్చి దానికే అంటిస్తుంది. మానిఫోల్డ్‌కి హీట్ ర్యాప్ (వేడిని ఆపే పట్టీ) చుట్టలేదు, బురదనీరు పట్టి ఉంచి తుప్పు తెస్తుంది. డబ్బా లేకుండా బయటికే ఉండే ఓపెన్ కోన్ ఫిల్టర్ అసలొద్దు, బానెట్ కింది వేడినే పీలుస్తుంది.

అదే ఎక్కుడులో ఇప్పుడు డబ్బాలో 47 డిగ్రీలు. ఆగి నిలబడితే 55 దాకా పోతుంది, కదిలాక రెండు నిమిషాల్లో దిగుతుంది. 500 కిలోమీటర్ల తర్వాత క్లిప్పులు మళ్లీ బిగించాలి. ఆ జాయింట్లు ఫిల్టర్‌కి ముందువి కాబట్టి దుమ్ము భయం లేదు, వేడిగాలి మాత్రం చొరబడుతుంది.