కొలరాడోలో స్నోషూ నడకకు ముందు అవలాంచ్ (మంచు చరియ) ప్రమాదాన్ని ఎలా పసిగట్టాలి?

జనవరి వచ్చిందంటే డెన్వర్‌లో ఉండే మనవాళ్లు కొందరు స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి తొడుగులు) అద్దెకు తీసుకుని లవ్‌ల్యాండ్ పాస్, బెర్తుడ్ పాస్ అనే కొండ కనుమల వైపు బయల్దేరతారు. ఎండ కాస్తుంటే ఇవాళ ఏమీ కాదులే అన్న ధీమా. మంచు చరియలకు మాత్రం ఇవాళ్టి ఎండ కన్నా, ఎప్పుడో నవంబరులో పడి అడుగున ఉండిపోయిన మంచే ముఖ్యం.

సీజన్ మొదట్లో ఇక్కడ మంచు పలచగా పడుతుంది. దాని కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన గాలి రాత్రిళ్లు గడ్డకట్టించేస్తుంది. ఆ తేడా వల్ల అడుగు నుంచి ఆవిరి పైకి లేస్తూ మంచు రేణువుల ఆకారాన్నే మార్చేస్తుంది. అవిక ఒకదానికొకటి అంటుకోవు. గ్లవ్‌లోకి తీసుకుని ఉండ కట్టబోతే బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి రాలిపోతాయి. తర్వాతి తుపాన్లు దీనిమీద గట్టి పలక పరుస్తాయి. మనిషి బరువుకు కింది పొర కూలిందా, పలక మొత్తం పగిలి జారుతుంది. ఈ బలహీనత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పోదు.

1. బులెటిన్ చదవండి

కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలంలో రోజూ ప్రమాద స్థాయిని ప్రకటిస్తుంది. 1 నుంచి 5 వరకు స్థాయిలుంటాయి. 3 అంటే సగమే కదా అనుకోవద్దు: మనిషి అడుగు పెడితే చరియ విరిగే అవకాశం బాగా ఉందని దానర్థం. ఎక్కువమంది చనిపోయేది కూడా ఈ స్థాయిలోనే. అంకె చూసి ఊరుకోకుండా, ఏ దిక్కు వాలు మీద, ఎంత ఎత్తులో, ఏ రకం ముప్పుందో చదవండి. 'పర్సిస్టెంట్ స్లాబ్' అని కనిపిస్తే పైన చెప్పిన పాత పొర గొడవే.

2. వాలు కొలవండి

పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరుగుతాయి. కాల్‌టోపో అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో వాలును బట్టి రంగులు వేసి చూపిస్తారు. మీ దారి 30 లోపే ఉందా అని చూసి, ఆ తర్వాత తలెత్తి పైన ఏముందో చూడండి. మామూలుగా పొరపాటు జరిగేది ఇక్కడే. బాట చదునుగానే ఉంటుంది, పక్కనే నిటారు కొండ ఉంటుంది. పాత పొర బలహీనంగా ఉన్నప్పుడు కింద నడిచినా పైన పలక విరగొచ్చు. కొత్తవాళ్లకు నా సలహా ఒక్కటే: వాలు తక్కువగా ఉండి, పైన ఏ కొండా వేలాడని దారి ఎంచుకోండి.

3. సామాను

ఒక్కొక్కరికీ బీకన్ (మంచు కింద ఉన్నవాళ్లను కనిపెట్టేందుకు సిగ్నల్ పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ కర్ర (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కర్ర), లోహపు పార. ముగ్గురికి ఒక సెట్టు కుదరదు, కూరుకుపోయినవాడి సంచిలోనే పార ఉండిపోతే ఏం చేస్తారు? ఫోన్‌ను బీకన్‌కు దూరంగా పెట్టుకోండి, సిగ్నల్ దెబ్బతింటుంది.

4. నడుస్తూ గమనించండి

కాళ్ల కింద 'ధుమ్' అని మంచు కుంగిందా? స్నోషూ ముందు నుంచి పగులు పరుగెత్తిందా? పక్క వాలు మీద కొత్తగా చరియ పడిన గుర్తుందా? అయితే వెనక్కి తిరగండి, చర్చ వద్దు. నిన్నంతా మంచు కురిసినా, గాలి ఒక వైపు మంచును మరోవైపు పోగేసినా, ఒక్కసారిగా వేడెక్కినా అనుమానించాల్సిందే. నిటారు వాలు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తూ ఉండాలి.

5. ఎవరైనా కూరుకుపోతే

మొదటి 10-15 నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. ఆఖరిసారి కనిపించిన చోటు గుర్తుపెట్టుకోండి. మరో చరియ పడే ప్రమాదం లేదని చూసుకుని, అందరి బీకన్లనూ వెతికే మోడ్‌లోకి మార్చండి. ఖాళీగా ఒక మనిషి ఉంటే 911కి ఫోన్ చేయించండి. ప్రోబ్ తగిలాక దాన్ని అక్కడే ఉంచి, దానికి కొంచెం దిగువ నుంచి అడ్డంగా తవ్వుకుంటూ వెళ్లండి. ముందు ముఖం, ఛాతీ బయటికి తీయాలి.